మామిడికి కట్టిన గళ్ల గుడ్డ

బాలిలోని గియన్యార్ ఊరి సంత నుంచి సుదర్స రంబుటాన్ మొక్కను చంటిపిల్లలా ఎత్తుకొచ్చి వాకిట్లో దింపాడు. దింపి, మామిడిచెట్టు కేసి చూశాడు. ఆ చూపు అతని భార్య రెనింగ్‌కు నచ్చలేదు.

"ఏమయ్యా, దాన్నెందుకలా చూస్తావు?"

"ఎల్లుండి కొట్టేస్తున్నాను. మూడు చెట్ల పండుగలు చూశానే. గంజి పెట్టాను, కత్తి వెనక వైపుతో తట్టాను, 'తాతా, తాతా, విరగకాయవయ్యా' అని బతిమాలాను. ఒక్క పిందె వేసిందా?"

"మరి నీడో?"

"రంబుటానూ నీడనిస్తుంది. పైగా పళ్లు!"

"ఇస్తుందిలే, ఇంకా పుట్టని మనవరాలికి పెళ్లీడొచ్చాక."

"అంతదాకా గొడుగేసుకో."

కాపురానికి వచ్చిన నాటి నుంచి రెనింగ్ ఆ చెట్టు కింది అరుగు మీదే కూర్చుని, లేత కొబ్బరాకులతో పూజ బుట్టలు అల్లుతోంది. ఎండ తగిలితే ఆకు బిరుసెక్కి పుటుక్కున చిట్లుతుంది. ఇరవై ఎనిమిదేళ్ల నీడ. గొడుగట!

మర్నాడు పొద్దున్నే మొగుడు కాలువకు స్నానానికి వెళ్లగానే, ఆమె పెట్టెలోంచి నలుపు తెలుపు గళ్ల గుడ్డ తీసి మామిడి మొదలుకు చుట్టి ముడి వేసింది. గళ్ల గుడ్డ కట్టారంటే ఆ చెట్టులో ఎవరో పెద్దవారు కాపురమున్నట్టే. దాని మీద గొడ్డలెత్తే మగాడు బాలిలో లేడు. ముడి పడ్డాక మాత్రం రెనింగ్ ఒకడుగు వెనక్కి వేసింది. చేతులు జోడించింది.

"స్వామీ, లోపల ఎవరైనా ఉంటే నన్ను క్షమించండి. ఎవరూ లేకపోతే, దయచేసి ఎవరైనా వచ్చి ఉండండి."

సుదర్స తడి తలతో వచ్చి ఆగిపోయాడు. "ఇదేమిటే?"

"కల్లోకి తెల్లగడ్డం పెద్దాయన వచ్చాడు. 'నా ఇల్లు పడగొడతారా?' అన్నాడు."

సుదర్స వంగి గుడ్డను చూశాడు. వాసన కూడా చూశాడు. "ఉన్నాడంటే ఉన్నాడు," అని గొడ్డలిని అటకెక్కించాడు. ఇంత తేలిగ్గానా అని రెనింగ్‌కే అనుమానం వేసింది.

మూడో రోజున అతను గంభీరంగా కబురు చెప్పాడు. "నా కల్లోకీ వచ్చాడే. సాయంత్రం పూట కాఫీ, వేడి వేడి అరటిపండు బజ్జీలు కావాలట. నాలుగు."

"నాలుగా! ముసలాయనకు అరుగుతాయా?"

"దేవుణ్ణి అలా ఎవరడుగుతారే?"

చేసేదేముంది? రోజూ నూనె కాచింది. చెట్టు మొదట్లో పళ్లెం పెట్టి అగరొత్తి వెలిగించింది. దేవుడు ఆరగించాక మిగిలింది ఇంటివాళ్లు తినడం ఆచారమే. అగరొత్తి సగం కాలకముందే సుదర్స చేయి చాచేవాడు.

పక్కింటామె గోడ మీంచి చూసి కిసుక్కుమంది. "వదినా, మీ చెట్టు స్వామికి పొట్టొస్తోంది, చూశావా?"

నెల తిరిగేసరికి స్వామి ఆరు బజ్జీలు అడిగాడు. రెనింగ్ గరిటె ఎత్తింది.

"ఇక చాలు! ఈసారి కల్లోకొస్తే నేనే అడుగుతాను ఆయన్ని."

"అడుగు. పనిలో పనిగా, గుడి విందుకి నాతోపాటు పసుపేసి మాంసం కలపడానికొచ్చాడేమో అదీ అడుగు. ఆయన గుడ్డకి నా పసుపు మరకెలా అంటిందో!"

రెనింగ్ గరిటె దించింది. విందు వంటకు అతను నడుముకు చుట్టుకెళ్లిన గుడ్డే అది. ఎన్ని ఉతుకులు ఉతికినా మరక పోలేదు.

"మొదటిరోజే తెలుసా?"

"వాసన చూశాగా."

"మరి కొట్టెయ్యలేదేం?"

సుదర్స తల గోక్కున్నాడు. "స్నానం చేసొస్తూ నీ దణ్ణం గోడ చాటునుంచి విన్నానే. ఎవరైనా వచ్చి ఉండండి అన్నావు. ఒకవేళ వచ్చుంటేనో?"

రెనింగ్ తలెత్తి కొమ్మల్లోకి చూసింది. ఆకులు కదులుతున్నాయి. గాలి ఉందో లేదో ఆమె గమనించలేదు.

మర్నాడు సుదర్స సంత నుంచి కొత్త గళ్ల గుడ్డ తెచ్చి తానే కట్టాడు. రంబుటాన్ మొక్క పందుల దొడ్డి వెనక్కి పోయింది. సాయంత్రం రెనింగ్ ఆరు బజ్జీలూ వేసి పళ్లెం పెట్టింది.

"అగరొత్తి పూర్తిగా కాలేదాకా ముట్టుకోకు," అంది. "ఈసారి ఆయన్ని నిజంగా తిననీ."