డిసెంబరు ఏడో తారీఖు గుడ్డ

పెంటపాడు దాటి కాలవ గట్టు వెంట వస్తుంటే మా ఊరికంటే ముందు కరెంటు ప్లాంటు పొగగొట్టం కనపడుతుంది. కొత్త చుట్టాలకి దారి చెప్పాల్సొస్తే "గొట్టం చూసుకుని వచ్చెయ్యండి" అనేవాళ్ళం. ముప్పై నాలుగేళ్ళు అదే మా ఆనవాలు. గూడెం స్టేషన్లో రైలు దింపిన బొగ్గు లారీల మీద వచ్చేది. ప్లాంటు ఆరింటి కూతకి పాలు పితికేవాళ్ళం, రెండింటి కూతకి ఊడ్పుల ఆడవాళ్ళు గట్టెక్కేవారు. ప్లాంటు వదిలే గోరువెచ్చటి నీళ్ళ కాలవలో పుష్యమాసం చలిలో కూడా పిల్లలు ఒడ్డుకి రమ్మంటే వచ్చేవారు కాదు. మోకాళ్ళ నొప్పుల ముసలాళ్ళు మండవల్లి నుంచి కూడా బస్సెక్కి వచ్చి అందులో కాళ్ళు పెట్టుకు కూర్చునేవారు. అదే ప్లాంటు బూడిద మా పెరుగు మీద మీగడతో పాటు తేలేది.

ఆ బూడిద కోసమే పన్నెండేళ్ళ కింద ఊరి నిఘా కమిటీ పెట్టారు. ఏడుగురు సభ్యులు, వాళ్ళకి పెద్ద సూర్యకాంతం గారు. ఆరెకరాల వరి చేసే ఇల్లాలు, అప్పటికి యాభై దాటిన మనిషి. కమిటీకి మిషన్లేమీ ఇవ్వలేదు. ఆవిడే ఒక పద్ధతి పెట్టింది. మూరెడు తెల్ల పంచె గుడ్డ తడిపి పిండి, డాబా మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టడం. పొద్దున్న పరిచింది సాయంత్రం తీసి, మూలన తారీఖు రాసి, మడిచి ట్రంకు పెట్టెలో పెట్టడం. గుడ్డ ఎంత నల్లబడితే ప్లాంటు తప్పు అంత పెద్దదని లెక్క. మొదట్లో ఏలూరు కాలుష్యం ఆఫీసువాళ్ళు నవ్వారు. తొమ్మిది పెట్టెలు నిండాక నవ్వడం మానేశారు.

ఈ ఏడాది మాఘమాసంలో ప్లాంటు మూసెయ్యాలని నిర్ణయం వచ్చింది. ఆఖరి రిపోర్టు మీద కమిటీ సంతకాలు పెట్టడమే మిగిలింది. సంతకాలకి రెండు రోజుల ముందు బాయిలర్ ఆపరేటర్ సత్యవేదం గారు సూర్యకాంతం గారి అరుగు దగ్గర సైకిలు ఆపారు.

"ఏవండీ సత్యవేదం గారూ, ఇటొచ్చారు? రండి, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండీ. రిపోర్టులో నా పేరు రాశారంటండి."

రాసిన మాట నిజమే. డిసెంబరు ఏడో తారీఖు గుడ్డ పన్నెండేళ్ళలోనూ అంత నల్లగా లేదు. ఆఫీసువాళ్ళు గట్టిగా అడిగితే కంపెనీవాళ్ళు తమ మీదకి రాకుండా, ఆ రోజు డ్యూటీ సత్యవేదానిది, బూడిద పట్టే మిషను వెయ్యకుండా బాయిలర్ నడిపాడు అని రాసిచ్చారు. ఆ మర్నాటి నుంచీ ఆయన్ని బాయిలర్ దగ్గర నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

"ముప్పై నాలుగేళ్ళండి," అన్నారాయన. "ఒక్క మెమో లేదండి. ప్లాంటు పోతే పోనివ్వండి, నేనేం అడ్డం రాను. మా ఇంట్లోనూ బూడిద తిన్నాం. కానీ ఆ బాయిలర్ని నేను పాడుచేశానని రాసి మూస్తే ఎలాగండి? చర్చిలో నా బెంచీ వెనకాల కూర్చునేవాళ్ళంతా ప్లాంటువాళ్ళేనండి. ఒక్కసారి ఆ గుడ్డ చూపించండి."

ఆవిడ లోపలికెళ్ళి గుడ్డ తెచ్చింది. ఆయన ఎండకి పట్టి చూశారు. బొటనవేలితో రుద్దారు. వేలు నల్లబడింది. ఇంకోసారి రుద్ది, వాసన చూశారు.

"అమ్మా, ఇంకో గుడ్డ ఏదైనా తెస్తారాండీ?"

తెచ్చింది. అది బూడిదరంగులో ఉంది. దాని మీద వేలు ఆనిస్తే సిమెంటులా మెత్తగా జారింది.

"ఇదండీ మాది," అన్నారు సత్యవేదం గారు. "బొగ్గు బూడిద పాలిపోయిన రంగులో ఉంటది. పొయ్యిలో పూర్తిగా కాలిందే పైకొస్తది కదండీ. ఆ నల్లది మాది కాదు. అది మసి. ఇదిగో, ఈ పోగు చూడండి, సగం కాలిన గడ్డి."

సూర్యకాంతం గారు కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. గడ్డిపోగే. ఒక కణుపు కూడా ఉంది. పన్నెండేళ్ళు నలుపుని లెక్కపెట్టుకుంటూ వచ్చింది, ఒక్కరోజూ వేలు పెట్టి రుద్దలేదు.

"ఏవండీ!" అని లోపలికి కేకేసింది. కనకరాజు గారు చేతిలో పేపరుతో బయటికొచ్చారు. "డిసెంబరు ఏడున పొద్దున్నే గుడ్డ పరిచేసి నేను కమిటీ పని మీద ఏలూరు పోయాను. మీరేం చేశారారోజు?"

"ఏం చేస్తాను? ఇంట్లోనే ఉన్నా."

"పడమటి చేలో గడ్డి తగలబెట్టారా?"

ఆయన పేపరు మడిచారు. "మిషను కోతలో పడ్డ గడ్డి ఏం చేసుకుంటాం? దాళ్వా పంటకి దమ్ము చెయ్యొద్దా? నీతో చెబితే తగలబెట్టకూడదని గోల చేస్తావని..."

"గోల చెయ్యక? నలుగురికీ బూడిద మీద పాఠాలు చెప్పేది నేను. మా ఇంటి మసి తీసుకెళ్ళి ఈయన నెత్తిన పోశానా?"

కనకరాజు గారు గొంతు తగ్గించారు. "ఇప్పుడు నోరు విప్పకు. ఒక గుడ్డ తప్పంటే అన్నీ తప్పేనంటారు కంపెనీవాళ్ళు. మూత ఆగిపోద్ది. ఊళ్ళో తలెత్తుకోలేవు."

సత్యవేదం గారు గుడ్డ జాగ్రత్తగా మడిచి అరుగు మీద పెట్టి, "వస్తానండి" అని సైకిలెక్కారు.

సంతకాల రోజు కమ్యూనిటీ హాల్లో ఊరంతా కూర్చుంది. ఏలూరు నుంచి వచ్చిన ఆఫీసరు ప్రసన్న గారు రిపోర్టు చదివి, కలం సూర్యకాంతం గారి ముందు పెట్టారు. ఆవిడ కలం పట్టుకోలేదు. నిలబడింది.

"ఒక తప్పుందండీ ఇందులో. డిసెంబరు ఏడో తారీఖు మసి ప్లాంటుది కాదు. మా చేలో గడ్డిది. మా ఆయన తగలబెట్టారు. సత్యవేదం గారి తప్పేమీ లేదు. ఆ పేరు కొట్టెయ్యాలి."

హాలంతా కలకలమైంది. కమిటీలో కుర్రాడు ఫణికిరణ్ కుర్చీలోంచి లేచాడు. "ఏంటండీ పిన్నీ ఇది! పన్నెండేళ్ళు కొట్లాడి ఆఖరి రోజు మీరే తలుపు తీస్తారా వాళ్ళకి?"

"తలుపు తీశానో వేశానో నాకు తెలీదు బాబూ. అబద్ధం మీద నా సంతకం ఉండదు."

వెనకాల ఎవరో "కనకరాజు గారూ, అగ్గిపెట్టె ఏదండీ?" అన్నారు. నవ్వులు. కనకరాజు గారు తలవంచుకుని కండువా సర్దుకున్నారు.

కంపెనీ మనిషి లేచి, అయితే గుడ్డలన్నీ అనుమానమే, మూత ఆపాలి అన్నాడు. ప్రసన్న గారు అతన్ని కూర్చోమని, సూర్యకాంతం గారి వైపు తిరిగారు.

"మిగతా గుడ్డలేం రంగండీ?"

"బూడిదరంగేనండీ. సిమెంటులాగ జారుతుంది. కావలిస్తే పెట్టెలు తెప్పిస్తాను. మీరే రుద్ది చూడండి."

పెట్టెలు వచ్చాయి. సాయంత్రం దాకా ఆఫీసువాళ్ళు గుడ్డలు రుద్దుతూ కూర్చున్నారు. చివరికి మూత ఖాయమే అన్నారు, రిపోర్టు మాత్రం మళ్ళీ రాయాలి, పదిహేను రోజులు పడుతుంది, అప్పటిదాకా ప్లాంటు నడుస్తుంది అన్నారు.

ఆ పదిహేను రోజులూ ఆవిడకి వీధిలో నడవడం కష్టమైంది. "మీ ధర్మమా అని ఇంకో పదిహేను రోజుల బూడిద పెరుగండీ" అని పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళు అంటే, "మీగడ తీసేసి తినండి" అని వచ్చేసింది.

కొత్త రిపోర్టులో సత్యవేదం గారి పేరు లేదు. కంపెనీవాళ్ళు ఆయన్ని తిరిగి బాయిలర్ దగ్గర వేశారు. ఆపే రోజు కమిటీ ఏడుగురినీ లోపలికి పిలిచారు. పన్నెండేళ్ళు గేటు దగ్గరా, బూడిద చెరువు దగ్గరా నిలబడ్డ సూర్యకాంతం గారు బాయిలర్ దగ్గరికి రావడం అదే మొదలు. అంత వేడిగా ఉంటుందని అనుకోలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

సత్యవేదం గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. చిన్న గాజు కిటికీ చూపించి, "చూడండమ్మా" అన్నారు. లోపల మంట తెల్లగా, మధ్యాహ్నం సూర్యుడు నీళ్ళలో వణికినట్టు వణుకుతోంది.

"ఎనభై తొమ్మిదిలో నేనే ముట్టించానండీ దీన్ని," అన్నారాయన. "అప్పుడు మా అమ్మ టిఫిన్ క్యారేజీ తెచ్చి గేటు దగ్గర నిలబడింది."

"నాకు జ్ఞాపకం ఉంది. మా ఇంటి ముందు నుంచే వెళ్ళేవారు. ఎర్ర గళ్ళ చీర."

"ఆవిడేనండీ."

ఆయన బొగ్గు ఆపారు. కిటికీలో మంట పసుపైంది, ఎర్రబడింది, ఎక్కడో అడుగున దాగింది. మిషన్ల హోరు ఒక్కొక్కటే తగ్గుతుంటే బయట కాలవ మీద పిట్టల అరుపులు లోపలికి వినపడ్డాయి. లాగ్ బుక్కులో ఆయన ఆగిన టైము రాసి, ఆపరేటర్ గడిలో నిండుగా సంతకం పెట్టి, పుస్తకం ఆవిడ వైపు తిప్పారు. సాక్షి గడి ఖాళీగా ఉంది. ఆవిడ సంతకం పెట్టింది.

"చల్లారడానికి ఎంతసేపు పడుతుందండీ?" అంది.

"మూడు రోజులండీ."

"అంతవరకూ మనిషి ఉండాలా?"

"అక్కర్లేదండీ," అన్నారు సత్యవేదం గారు. స్టూలు లాక్కుని బాయిలర్ ఎదురుగా కూర్చున్నారు. "నేనుంటాను."