చెత్త మూలలో నాలుగు కుర్చీలు

వీధి మూల చెత్తకుప్ప కావడానికి ఒక్క సంచి చాలు. ఆ సంచిని చూసి రెండోవాడు ధైర్యం తెచ్చుకుంటాడు. మూడోవాడికి ఆ ధైర్యం కూడా అక్కర్లేదు. నాలుగోవాడి నాటికి అక్కడ పడేయడం హక్కయి కూర్చుంటుంది. 'ఇక్కడ చెత్త వేయరాదు' అని మున్సిపాలిటీ వాళ్లు బోర్డు పెట్టారు గానీ, ఎక్కడ వేయాలో తెలియని వాళ్లకు అది దారి చూపించడానికే పనికొచ్చింది.

పిల్లలక్క క్రెష్ సరిగ్గా ఆ మూలను ఆనుకుని ఉంది. ఆస్పత్రికీ బట్టల మిల్లుకూ పనికెళ్లే తల్లులు పొద్దున్నే పసివాళ్లను ఆమె చేతుల్లో పెట్టి పోతారు. పిల్లలక్క అన్న పిలుపు స్థిరపడి ఆమె అసలు పేరు ఏనాడో మరుగున పడిపోయింది. కిందటి నెల తనిఖీకి వచ్చిన అధికారిణి ఉయ్యాలల మీద ముసురుతున్న ఈగల్ని చూసి, "వచ్చే నెల మళ్లీ వస్తానమ్మా. ఆ కుప్ప అక్కడే ఉంటే ఈ తలుపుకు తాళం వేయక తప్పదు" అనేసి వెళ్లింది. మాట కఠినమే గానీ అందులో తప్పేముంది? తాళం పడితే అంతమంది తల్లుల పని ఏం కావాలి? పిల్లలక్కకు ఆ రోజు ముద్ద దిగలేదు. మర్నాడు కొంగు బిగించింది.

ఆ వీధికి పెద్దలు ముగ్గురు. టాక్సీ స్టాండు ప్రెసిడెంటు, కూరగాయల మార్కెట్‌ను ఒంటి గొంతుతో నడిపే 'మైకు', అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ. మైకంటే మనిషే, పొట్టిగా ఉండే ఆడమనిషి. ముగ్గురూ ఉప్పూ నిప్పూ. ఒకరి గుమ్మం ఒకరు తొక్కి ఏళ్లయింది. అలాంటి వాళ్లను పిల్లలక్క క్రెష్‌లోకి పిలిచి పిల్లల బుల్లి కుర్చీల్లో కూర్చోబెట్టింది. మోకాళ్లు గడ్డాలకు తగులుతుంటే పెద్దరికం చూపించడం ఎంత గొప్పవాళ్లకైనా కష్టమే.

కెమెరా పెట్టాలన్నాడు సెక్రటరీ. జరిమానా వేయాలన్నాడు ప్రెసిడెంటు. నాలుగు తగిలించాలంది మైకు.

"కెమెరాను చూసి ఎవరు సిగ్గుపడతారండీ? మనిషి ఎదురుగా ఉంటే పడతారు" అంది పిల్లలక్క. "కుర్చీలు వేసుకుని అక్కడే కూర్చుందాం. ఎవర్నీ తిట్టొద్దు. ఎవరైనా సంచి తెస్తే, నా ఒళ్లో పెట్టండి, మున్సిపాలిటీ చెత్త బండొచ్చాక నేనేస్తాలెండి అందాం. అంతే."

"ఒళ్లోనా?" అని ముగ్గురూ ఒక్కసారే అడిగారు. వాళ్లు ముగ్గురూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

చిత్రంగా, పాచిక పారింది. సంచితో వచ్చినవాడు ఆ చాచిన చేతుల్ని చూసి నీళ్లు నమిలి, వచ్చిన దారినే వెళ్లిపోయేవాడు. పగలంతా మూల శుభ్రంగా ఉండేది. కానీ ఏ పొద్దున కుర్చీలు తెచ్చినా, మూతి బిగించిన నల్ల సంచి ఒకటి వాళ్లకంటే ముందే అక్కడ సిద్ధం. దాన్ని చూసి అప్పటికే ఇద్దరు ముగ్గురు తమవీ పడేసి పోయేవారు.

"ఇంత ఖరీదు సంచులు మీ అపార్ట్‌మెంట్లో తప్ప ఇంకెక్కడుంటాయి?" అంది పిల్లలక్క ఒకరోజు ఓపిక నశించి. "గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా?"

సెక్రటరీ చివాల్న లేచాడు. "ఇక నేను రానమ్మా. మీరూ మీ కుర్చీలూ."

అధికారిణి రావడానికి ఇంకా వారమే ఉంది. పిల్లలక్క ఆయన వెంటపడింది. "రేపొక్కరోజు రండి బాబాయిగారూ. చీకటితోనే కాపు కాద్దాం. మీవాళ్లు కాదని తేలితే నలుగురిలో తప్పొప్పుకుంటా."

మర్నాడు తెలతెలవారుతుండగా నలుగురూ ఒక టాక్సీ చాటున నిలబడ్డారు. నల్ల సంచి మోసుకుంటూ ఓ మనిషి వచ్చింది. మైకు ఒక్క ఉదుటున వెళ్లి చెయ్యి పట్టుకుంది. తీరా చూస్తే ఆ మనిషి పిల్లలక్క ఆడపడుచు. క్రెష్‌లో ఆమెకు కుడిభుజం.

"ఇదేంటి వదినా, మీరంతా ఇక్కడున్నారు?"

"ఏముంది అందులో?" అంది పిల్లలక్క.

"ఏముంటాయి, మన పిల్లల డైపర్లు. సంచులు ఆస్పత్రిలో పనిచేసే తల్లులిచ్చినవి. బయట పడేయమన్నది నువ్వేగా."

"ఇక్కడ కుప్ప వద్దనేగా నెలంతా మేం కూర్చున్నది!"

"నాది కుప్పెలా అవుతుంది వదినా? ఒక్క సంచేగా. అదీ బండొచ్చే ముందే."

బయట పడేయమని రోజూ చెప్పేదే గానీ, బయటంటే ఎక్కడని పిల్లలక్క ఏనాడూ అడగలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. సెక్రటరీ నోరు తెరిచాడు. గురివింద గింజ ఆయన నాలుక చివరే ఉంది. ఆమె ముఖం చూసి మింగేశాడు.

పిల్లలక్క క్రెష్‌లోంచి కుర్చీ లాక్కొచ్చి కూర్చుంది. "తే, ఇలా నా ఒళ్లో పెట్టు."

"వదినా, కారుతోంది..."

"పెట్టమన్నానా!"

కంపు గుప్పుమంది. ఆమె కదల్లేదు. బండి వచ్చాక డ్రైవరు ముక్కు మూసుకుని, "ఎవరిదమ్మా ఇది?" అన్నాడు. "నాదే" అందామె వీధంతా వినపడేలా. తర్వాత సెక్రటరీ వైపు తిరిగి, "తప్పు నాది బాబాయిగారూ, క్షమించండి" అంది. ఆయన ఇంటిదారి పట్టాడు. ఇక రాడనే అందరూ అనుకున్నారు.

మర్నాడు ఆయన అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు, ఒళ్లో సంచితో. "మా ఇంటిదే. పనివాడు ఎక్కడ పారేస్తాడో నిన్ననే మొదటిసారి అడిగా. మీ క్రెష్ వెనక సందులోనట" అన్నాడు తల వంచుకుని. ఆ పై రోజు మైకు కుళ్లిన ఆకుల గంప తెచ్చుకుంది. ప్రెసిడెంటు స్టాండులోని టీ కప్పులన్నీ మూటగట్టి తెచ్చాడు. అవి ఇదివరకు ఎక్కడికి పోయేవో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రెండు రోజుల్లో వీధిలో వాళ్లు కూడా సంచులు పట్టుకుని గుమ్మాల్లో బండి కోసం కనిపెట్టుకుని ఉండసాగారు.

వారం తిరిగేసరికి, చెప్పినట్టే అధికారిణి వచ్చింది. బండి ఇంకా రాలేదు. నలుగురు పెద్దమనుషులు ఒళ్లో చెత్త పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఆమె వాళ్లనీ నేలనీ మార్చి మార్చి చూసింది. నేల మీద కాగితం ముక్క లేదు.

"కుప్ప ఏదీ?"

"మా ఒళ్లో ఉందమ్మా" అంది మైకు.

పిల్లలక్క లేవబోయి, ఒళ్లో సంచి గుర్తొచ్చి ఆగిపోయింది. "బండొచ్చేదాకా ఒక్క నిమిషం కూర్చోండమ్మా. ఇది వేసి, చేతులు కడుక్కుని, తలుపు తీస్తాను."