ఉమ్మేసే పేరు

పెళ్ళయిన వారానికి, తెల్లారగానే ఎల్‌స్పెట్ పావడా పైకి దోపుకొని నీటి అంచున నిలబడింది. మోరే తీరంలోని ఆ పల్లెలో మొగుడు వేటకు బయలుదేరితే, కాళ్ళు తడవకుండా పెళ్ళామే వీపున ఎక్కించుకొని పడవ దాకా మోస్తుంది. తడి బూట్లతో రోజంతా సముద్రం మీదుంటే మనిషి కొయ్యబారిపోతాడు. మొగుడు జీమ్స్ ఎంత బరువుంటాడో అనుకుంటే చాలు, ఆమెకు నిన్నటి నుంచీ నవ్వు ఆగడం లేదు.

అత్త బేథియా అడ్డొచ్చింది. "జరుగు. నా కొడుకును నేను మోస్తాను."

"మోయాల్సింది పెళ్ళాం కదా అత్తా."

"ఆ పేరున్న పెళ్ళాం కాదు."

ఆ పేరు రాస్. ఆ ఊళ్ళో పెళ్ళయినా ఆడదానికి పుట్టింటి ఇంటిపేరే. జాలరులకు గిట్టని ఇంటిపేర్లు కొన్ని ఉన్నాయి. వాటిని 'చిఫర్ అవుట్' అంటారు. చిఫర్ అంటే ఉమ్మడం. ఆ పేరు చెవిన పడితే ఉమ్మేసి ఇనుము ముట్టుకోవాలి, లేకపోతే గాలాలు వట్టివే వస్తాయి. ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

"మా తాతల గేలిక్ భాషలో రాస్ అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము," అంది ఎల్‌స్పెట్. "ఇంటికొచ్చే పడవ ముందు వెతికేది దాన్నే."

ఒడ్డునున్న ఆడవాళ్ళంతా తుపుక్కున ఉమ్మారు.

"మా ఆయన పడవ పగిలింది కొండకొమ్ముకే," అంది బేథియా. "ఇన్నాళ్ళూ ఊరికే ఉమ్మేవాళ్ళం. చదువుకున్నదానివి, కారణం కూడా చెప్పావు."

పడవలోంచి జీమ్స్ మేనమామ కేకేశాడు. "ఎవరి వీపు ఎక్కుతావో తేల్చరా. పోటు నీకోసం ఆగదు."

అత్తాకోడళ్ళిద్దరూ పక్కపక్కనే వంగారు. జీమ్స్ తల్లి మొహం చూడకుండా ఎల్‌స్పెట్ వీపెక్కాడు. అనుకున్నదానికంటే బరువు. అతని ఉన్ని చొక్కా మెడకు గుచ్చుకుంటుంటే ఆమెకు ఒళ్ళంతా పులకింత. తొడల్లోతు నీళ్ళలోకి వెళ్ళాక మెడ దగ్గర చల్లగా ఏదో తగిలింది. అతని పిడికిట్లో ఇనుప మేకు.

"పారెయ్. లేకపోతే ఇక్కడే దించేస్తాను."

"అందరూ చూస్తున్నారే."

"చూడనీ."

ఆమె చేతులు సడలించింది. అతని బూటు అంచు నీటికి తగిలింది. మేకు సముద్రంలో పడింది.

అతన్ని పడవెక్కించి ఎల్‌స్పెట్ తిరిగొచ్చేసరికి బేథియా ఒడ్డునే ఉంది. "వాడు రాకపోతే ఉమ్మేది పేరు మీద కాదు, నీ మొహం మీద."

"వస్తే?"

"వస్తే రేపూ నేనే అడ్డొస్తా."

ఎల్‌స్పెట్ పావడా పిండుకుంటూ, "రేపూ రా అత్తా," అంది.