అసలు, నకలు

అక్కకు గొంతు పోయి పదకొండు రోజులైంది. గొంతులో రాచపుండు ముదిరింది, స్వరపేటిక తీయక తప్పదన్నారు డాక్టర్లు. ఆపరేషనుకు ముందు ఆమె మూడు వారాలు కూర్చుని పదహారు వందల వాక్యాలు చదివి రికార్డు చేసింది. కనీసం వెయ్యి వాక్యాలిస్తే, ఇకమీదట ఆమె రాసింది ఆమె గొంతుతోనే చదివే యంత్రం తయారుచేసి ఇస్తామన్నారు ఒక కంపెనీవాళ్లు. అవన్నీ ఒకే ఒక్క డిస్కులో ఉన్నాయి. రేపు ఉదయం వాళ్లకు అప్పగించాలి.

ఒక్కటే ఉండటం మంచిది కాదని, అలాంటిదే ఇంకో డిస్కు కొని నకలు తీయడానికి కూర్చున్నాను. పాతికేళ్లుగా ఆఫీసులో నా పని యునిక్స్‌తో నడిచే కంప్యూటర్లు చూసుకోవడమే. ఇంట్లో ఉన్నదీ అలాంటిదే. ఆ యంత్రం డిస్కులకు పేర్లు పెట్టే తీరు విచిత్రం. ముందు మేలుకున్నది ‘బి’, తరువాత మేలుకున్నది ‘సి’. ఉదయం చూసి కాగితం మీద రాసుకున్నాను: బి పాతది, సి కొత్తది. మధ్యాహ్నం కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. యంత్రం మళ్లీ లేచింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, కాగితం చూసి, ‘బి’లో ఉన్నదంతా ‘సి’లోకి ఎక్కించమని కమాండు కొట్టాను.

అక్క పలక మీద రాసి చూపించింది: “ఏది దేంట్లోకి?”

ఆమెకు చూపిద్దామని డిస్కుల సీరియల్ నంబర్లు యంత్రాన్ని అడిగాను. ‘సి’ ఎదురుగా వచ్చిన నంబరు, అక్క తన చేత్తో పట్టీ అంటించిన పాత డిస్కుది. కరెంటు వచ్చాక కొత్తది ముందు మేలుకుని ‘బి’ అయింది.

వెంటనే ఆపాను. అప్పటికే రెండు నిమిషాలు గడిచాయి.

“ఏంటి బామ్మర్దీ, మొహంలో నెత్తుటి చుక్క లేదు?” అన్నాడు బావ గుమ్మంలోంచి.

“తారుమారైంది బావా. ఖాళీ డిస్కును తెచ్చి అక్క గొంతు మీద రాసేశాను.”

బావ కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు.

ఆ ‘బి’, ‘సి’ అక్షరాలను నమ్మొద్దని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది నేనే. ఇంట్లోనే కదా అనుకున్నాను. దణ్ణం పెట్టినవాడి చెయ్యి ఆ దేవుడు ఎందుకు పట్టుకోలేదని అడగాలనిపించింది. కాగితాన్ని నమ్మింది నేను, ఆయన కాదు.

ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను. సీరియల్ నంబరుకు పేరు కట్టేసే రెండు వరుసలు రాశాను. ఇక ఏది ముందు లేచినా పాతది ‘అసలు’, కొత్తది ‘నకలు’.

అక్క పలక తిప్పింది: “చేతులు కాలాక ఆకులా?”

బావ నవ్వబోయి, మొహం తుడుచుకున్నాడు.

‘అసలు’లో మిగిలినవాటిని ఏరి ‘నకలు’లో పెట్టే పని మొదలుపెట్టాను. ఒక్కొక్క వాక్యం పేరు లేకుండా, ఒట్టి అంకెతో వచ్చి చేరుతోంది. నాలుగు వందలు. ఏడు వందలు. కిటికీ ఎండ గోడ మీదికి ఎక్కేసరికి తొమ్మిది వందల అరవై ఒకటి దగ్గర ఆగింది. మళ్లీ వెతికించాను. అదే అంకె. ఇంకా ముప్పై తొమ్మిది కావాలి. ఆమె మళ్లీ చదవలేదు.

అక్క పలక అందుకుని రాసింది: “మీ బావ ఫోనులో నా తిట్లు.”

“ఆ వాయిస్ మెసేజీలు తీసెయ్యలేదా బావా?”

“తీసేస్తే, తీసేసినందుకు ఇంకోటి పంపేది కదయ్యా.”

నిశ్శబ్దంగా ఉన్నచోట మాట్లాడినవే పనికొస్తాయని కంపెనీవాళ్లు ముందే చెప్పారు. మొదటిదాంట్లో బస్సు హారన్లు. రెండోదాంట్లో మిక్సీ. మూడోది సగంలో తెగిపోయింది. నాలుగోదాంట్లో ఏ చప్పుడూ లేదు, అక్క ఒక్కతే ఉంది.

“ఎక్కడిదాకా వెళ్లారు? మందుల చీటీ టేబుల్ మీదే మరిచిపోయారు. వెనక్కి రండి, నేను గుమ్మంలో నిలబడ్డాను.”

అక్క చెయ్యి గొంతుకు కట్టిన కట్టు మీదికి వెళ్లింది. నేను దాన్ని ‘నకలు’లోకి ఎక్కించి, ఏం పేరు పెట్టమంటావని అడిగాను.

ఆమె పలక తుడిచి రాసింది: “962.”

తరువాత బావ చేతిలోంచి ఫోను తీసుకుని, ఐదోది నొక్కింది.