ఒకటో తారీఖు ఫోల్డర్

గచ్చిబౌలి ఆఫీసులో రంగనాథ్‌ది ఒకటే పట్టు: రాహుకాలం రాకముందే కొత్త ప్రోగ్రాం సర్వర్‌కి ఎక్కాలి. ఆ కర్నూలు పెద్దమనిషి టీం లీడరే గాని, కంప్యూటర్ కన్నా పంచాంగాన్నే ఎక్కువ నమ్ముతాడు. ఈ పని సజావుగా జరిగితే ఆ టీంలోని వర్షిత ఉద్యోగం పర్మనెంట్. మెయిల్ కూడా రాసి పెట్టుకున్నాడు, పంపడమే తరువాయి.

సర్వర్‌లో ఉన్నవి డయాలసిస్ రోగుల అపాయింట్‌మెంట్లు. రోజూ పొద్దున వాటికి నకలు, అంటే బ్యాకప్ తీసి, ఆనాటి తేదీ పేరుతో ఒక ఫోల్డర్‌లో దాచే స్క్రిప్టు పోయిన నెలే వర్షిత రాసింది. పేర్లను వరసలో పేర్చి, పైనున్న పాతవాటిని చెరిపేసేదీ అదే.

ఎందుకైనా మంచిదని ఇవాళ్టి ఫోల్డర్ కోసం చూసింది. లేదు! అడుగున నిన్నటి ముప్పయ్యొకటి దర్జాగా కూర్చుంది. వర్షితకు వెంటనే తట్టింది. అందరూ రాసినట్టే తానూ తేదీలో రోజును ముందు పెట్టింది. ఇవాళ ఒకటో తారీఖు. "01" అని మొదలయ్యే తేదీ ఉన్న పేరు వరసలో అన్నిటికన్నా పైకెక్కింది. పొద్దున పుట్టినదాన్ని పండుముసలి అనుకుని స్క్రిప్టే చెరిపేసింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఖాజాగూడలో ఆమె మేనత్త భాగ్యమ్మ కూడా ఆ డయాలసిస్ మంచాలెక్కే మనిషే.

"సార్, జర ఆగుండ్రి. ఇయ్యాల్టి బ్యాకప్ లేదు. తప్పు నాదే."

"ఏందిమ్మా, ఇప్పుడా సెప్పేది? రాహుకాలం వస్తాది!"

"రానియ్యుండ్రి సార్. బ్యాకప్ లేకుంట ఎక్కియ్యొద్దు."

రంగనాథ్ మొహం మాడిపోయింది. అయినా కీబోర్డు మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వర్షిత ఫోల్డర్ తేదీలో సంవత్సరాన్ని ముందుకు తెచ్చి, చివర గంటా నిమిషమూ తగిలించింది:

mkdir backup_$(date +%Y-%m-%d_%H%M)

పాత ఫోల్డర్ల పేర్లూ అలాగే మార్చింది. కొత్తది వరస అడుగున బుద్ధిగా కూర్చుంది. రికార్డులన్నీ అందులోకి చేరేసరికి రాహుకాలం రానే వచ్చింది. డయాలసిస్ సెంటర్లు ఖాళీగా ఉండేది ఆ కాసేపే, ఆగడానికి లేదు. రంగనాథ్ కళ్లు మూసుకుని ఎంటర్ నొక్కాడు.

ఆయన భయపడినంతా అయింది. కొత్త ప్రోగ్రాం ఎక్కీ ఎక్కగానే అపాయింట్‌మెంట్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

"సూసినావా, నేను సెప్పలే!" అని తల పట్టుకున్నాడు.

వర్షిత కొత్త ఫోల్డర్‌లోవన్నీ వెనక్కి తెచ్చింది. పేర్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. భాగ్యమ్మ పేరు కనబడగానే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

రంగనాథ్ తన సీటుకి వెళ్లాడు. కాసేపటికి వర్షిత ఫోన్ మోగింది. పర్మనెంట్ మెయిల్!

"సార్, రాహుకాలం ఇంక పోలే!"

"పోకుంటే ఏమాయె?" అన్నాడు రంగనాథ్. "బ్యాకప్ ఉండాది కదా."