అత్త పెట్టిన గడువు

నారాయణమ్మను గొడ్రాలిని చేసింది అత్త దాలమ్మే. ఇందులో అనుమానం లేదు.

కొడుకు అప్పలసూరి నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. ఇల్లు కోటబొమ్మాళి పక్క ఊళ్ళో. కోడలు ముట్టు స్నానం చేసి ఇంట్లోకి రాగానే దాలమ్మ కొడుక్కి కబురంపేది. పదును ఆరకముందే విత్తు పడాలని ఆమె లెక్క. అతను ఉప్పుకి పగిలిన కాళ్ళతో రైలు దిగి ఈడ్చుకుంటూ వచ్చేవాడు. నాలుగు రోజులు తిరక్కుండానే సద్దిమూట చేతికిచ్చి పంపేసేది. ఆ తర్వాత పెళ్ళాం జోలికి వెళితే మగాడి రక్తం పలచబడుతుందట. మడుల్లో పని ఆగే వానాకాలం ఇంటిపట్టున ఉన్నా, గడువు దాటితే అతని పడక పొలం పాకలోనే. దాలమ్మకు ఆమె అత్త చెప్పిన పద్ధతి ఇది. దాలమ్మ మొగుడు వినలేదు కాబోలు, అప్పలసూరి పుట్టాడు.

ఏళ్ళు గడిచాయి. కడుపు పండలేదు. పేరంటాలకు నారాయణమ్మను పిలవడం మానేశారు. దాలమ్మ వీధిలో నిలబడే ఆమెను గొడ్రాలనేది. చివరికి సాలూరు వైపు నుంచి వేరుమందు తెప్పించి, తానే నూరి పట్టించింది. వాంతులు పట్టుకుని నారాయణమ్మ మంచం దిగలేదు.

"నాదేటి తప్పు బావా?" అని అప్పలసూరిని అడిగింది చనిపోయేముందు.

మరుసటేడు గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర ముక్కోణాలు వెలిశాయి. నర్సు పద్మకుమారి మడుల దగ్గరకొచ్చి, పిల్లలు చాలనుకునే మగవాళ్ళను కూర్చోబెట్టింది. స్నానమైన తొలిరోజుల్లో కడుపు నిలిచే అవకాశం తక్కువంది. రెండు ముట్లకు నడిమి రోజుల్లో ఎక్కువంది. పిల్లలు వద్దంటే ఆ రోజుల్లో ఎడంగా ఉండమంది. ఒంటిని బట్టి రోజులు అటూ ఇటూ జరుగుతాయనీ, దీన్నే నమ్ముకోవద్దనీ కూడా చెప్పింది.

పక్కమడి గంగులు నవ్వాడు. "మా అప్పలసూరిగాడికి నువ్వు సెప్పక్కర్నేదమ్మా. ఆళ్ళమ్మ ఎప్పుడో నేర్పేసినాది."

అందరూ నవ్వారు. అప్పలసూరి తట్ట కింద పెట్టి స్టేషనుకు నడిచాడు.

దాలమ్మ వాకిట్లో చింతపండుకు గింజ తీస్తోంది. నర్సు చెప్పిందంతా ఆమెకు చెప్పాడు. ఏ వీధిలో నిలబడి కోడల్ని గొడ్రాలని అందో, ఆ వీధిలోనే అది తప్పని చెప్పమన్నాడు. ఆమె గింజ తీస్తూనే అంది.

"పోయినదాన్ని తవ్వుకుంటే ఏటొస్తాదిరా? నాకు సెప్పిందే నాను సెప్పినాను. కూర్మమ్మ కూతురున్నాది, సూసొస్తాను. మళ్ళీ పెళ్ళి సేసుకో."

"అప్పుడూ కబురు నువ్వే అంపుతావేటి?"

దాలమ్మ చేతులు ఆగాయి. అతను వీధివైపు చూశాడు. ఆమె మళ్ళీ గింజ తీయడం మొదలెట్టింది.

"సరే," అన్నాడు అప్పలసూరి. "నారాయణమ్మ పేరు ఇంక నీ నోట రాకూడదు. నీ గడువు ఊసు నా నోట రాదు."

ఆ రాత్రి రైలుకే తిరిగి వెళ్ళిపోయాడు. ఇంటికాడ ఏమైందని మడుల దగ్గర గంగులు అడిగాడు. అప్పలసూరి తట్ట ఎత్తుకున్నాడు. గంగులికే కాదు, తర్వాత ఎవరికీ చెప్పలేదు.