గోధుమల డబ్బా అడుగున

పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో మా ఆయన రసిక్‌భాయ్ దీపావళికి చీపురు ముట్టిన పాపాన పోలేదు. ఈ ఏడు మాత్రం పండక్కి వారం ముందే, "ఇల్లు నువ్వు చూసుకో భానూ, కంప్యూటర్ నేను దులుపుతా" అని కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నేను అటక మీది ఇత్తడి గిన్నెలన్నీ దించి చింతపండుతో తోముతుంటే, ఆయన ఫ్యాను కింద మౌస్ నొక్కుతున్నారు. కష్టపడే మనిషికి గంటకోసారి టీ కావాలట. అదీ నేనే పెట్టాలి.

దులపాల్సిన అవసరం ఉన్నమాట నిజమే. డిస్కు నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది. ఏది దాచబోయినా చోటు లేదంటోంది. ఒక్క ఫోల్డరే ముప్పై నాలుగు జీబీ మింగి కూర్చుంది. దాని పేరు విండోస్ డాట్ ఓల్డ్. జూలైలో షాపతను కొత్త విండోస్ ఎక్కించినప్పుడు మిగిలిపోయిన పాతది. ఈయన డిలీట్ కొట్టడం, మీకు అనుమతి లేదని అది చెప్పడం.

"నా ఇల్లు, నా కంప్యూటరు. అనుమతి ఇంకెవడిదంట?" అని గొణిగారు.

"నన్నడక్కుండా ఈ ఇంట్లో ఏం పారేయబోయినా అంతే," అన్నాను.

నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టారు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశారు, పేరు మార్చబోయారు, ఒక్కొక్క ముక్కగా చెరపబోయారు. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. కాళీచౌదశ్, అంటే నరకచతుర్దశి నాటి పొద్దున మా ఆడపడుచు హర్షిద జామ్‌నగర్ నుంచి దిగాక గానీ ఆయన ఓటమి ఒప్పుకోలేదు. హర్షిద అక్కడి ఆడపిల్లల బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. వచ్చే నెలలో వాళ్లమ్మాయి పెళ్లి.

పెళ్లంటే మా వైపు ఫటాణాలు ఉండాలి. మగపెళ్లివాళ్లను పేరుపేరునా ఏకిపారేసే పాటలవి. మా అత్తగారు, అంటే మా బా, ఒకప్పుడు ఆ పాటలెత్తుకుంటే వియ్యంకులు విస్తళ్ల ముందు తలెత్తేవారు కాదు. ఆరు చలికాలాలు ఆవిడ పక్కన కూర్చుని రెండు వందల అరవై మూడు పాటలు రాసుకుని టైపు చేశాను. ఇప్పుడు బాకి ఎనభై ఆరు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. నేను రాసుకున్న నోటు పుస్తకాలు మొన్నటి వానల్లో చెదలపాలయ్యాయి.

"వదినా, దీన్ని పడగొట్టే ముందు ఆ పాటలు నా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వు," అంది హర్షిద.

"మీ అన్నయ్యనడుగు. భద్రంగా దాచింది ఆయనే."

ఆయన మీసం దువ్వారు. "మన బా నగలెక్కడ దాచేది? గోధుమల డబ్బా అడుగున. దొంగ బీరువా పగలగొడతాడు గానీ గోధుమల్లో చెయ్యి పెట్టడు. నేనూ అంతే. ఎవరూ వేలు పెట్టని చోటు చూసి, విండోస్ ఫోల్డర్ లోపలికి తోసేశా."

ఇదేదో గొప్ప తెలివి అనే నేనూ అనుకున్నాను. మా కాఠియావాడ్ సీమలో ఏ ఇంట్లో అడిగినా అదే అంటారు. హర్షిద మాత్రం నవ్వలేదు. విండోస్ ఫోల్డర్ తెరిచి పైనుంచి కిందదాకా వెతికింది. పాటలు లేవు.

"ఇది కొత్త డబ్బా అన్నయ్యా. జూలైలో పాత డబ్బాని గోధుమలతో సహా ఎత్తి ఎక్కడ పడేశారో తెలుసా?" అని ఆ మొండి ఫోల్డర్ మీద వేలు పెట్టింది. "నాలుగు రోజులుగా నువ్వు చంపాలని చూస్తున్నది దీన్నే."

నా గుండె జారిపోయింది. తర్వాత మండిపోయింది. "ఆరేళ్లు కూర్చుని రాశానండీ. చెయ్యారా తగలెట్టబోయారు," అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నేలమీద చతికిలబడ్డారు.

"మామూలుగా ఇది పది రోజుల్లో దానంతటదే పోవాలి. మీ ఇంట్లో ఏదీ ఒక పట్టాన పోదు కాబట్టి ఉంది. ఉండు వదినా, లోపల పాటలున్నాయో లేదో చూడనీ," అంది హర్షిద.

ముందు ఆ ఫోల్డర్‌కి యజమానిగా వాళ్లన్నయ్య పేరు ఎక్కించింది. దానికే ఇరవై నిమిషాలు పట్టింది. తెర మీద ఫైళ్ల పేర్లు పరుగెడుతుంటే వడల పిండి చేతులతోనే నిలబడి చూశాను. మాతాజీకి మొక్కుకోవడం కూడా మరిచిపోయాను. చివరికి తలుపు తెరుచుకుంది. లోపల విండోస్, దాని లోపల 'బా పాటలు'. రెండు వందల అరవై మూడు. ఒక్కటీ చెడలేదు. పిండి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.

రెండు పెన్‌డ్రైవులకు ఎక్కించి, తన మెయిల్‌కి పంపుకుని, తెరిచి చూసుకున్నాక, "ఇక ఇది వట్టి డబ్బా," అంది హర్షిద. డిస్క్ క్లీనప్ పెట్టి పాత విండోస్ మీద టిక్ కొట్టింది. ఇక పాతదానికి తిరిగి వెళ్లలేరు, సరేనా అని అడిగింది మెషీను.

"వెళ్లేదెవరు, కొట్టు," అన్నాను.

అయినా ఒకట్రెండు ముక్కలు పట్టుకు వేలాడాయి. తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరిచి ఏదో టైపు చేసి వాటినీ ఊడబెరికింది. ఎర్రగీత నీలంగా మారింది. నాలుగు రోజుల తలనొప్పి దిగినట్టయింది.

ఆ సాయంత్రం వడలు పట్టుకుని నాలుగు దారుల కూడలికి వెళ్లాను. కాళీచౌదశ్ నాడు మా ఆచారం, ఇంట్లోని కలహాన్ని వడలతో పాటు అక్కడ వదిలేసి వెనక్కి చూడకుండా రావాలి. ఏనాడూ రాని మనిషి ఈయన కూడా వెంట వచ్చారు.

"ఇక పోట్లాడవు కదా భానూ?"

"ముందు చూసి నడవండి," అన్నాను. నవ్వొచ్చింది గానీ ఆయనకి కనబడనివ్వలేదు.

ఇంటికొచ్చి బా మంచం పక్కన కూర్చుని మొదటి పాట చదివాను. "వియ్యంకుడి తలపాగా ఏడు మూరలు, విప్పి చూస్తే లోపల ఎలుకలు మూడు."

వడ నములుతున్న బా ఆగింది. "తొమ్మిది మూరలే. ఎవత్తె రాసిందలా?"

"నేనే బా."

"రాయడం రాదు నీకు. దిద్దు."

రెండు పెన్‌డ్రైవుల్లోనూ దిద్ది, హర్షిద మెయిల్‌కి మళ్లీ పంపాను. బా కాళ్లు చాపుకుని గోడకి ఆనుకుంది.

"ఊ, ఇంకోటి చదువు," అంది.

ఇంకా రెండు వందల అరవై రెండు ఉన్నాయి.